పోయిన కారునకు వెల యెవరు కట్టవలెను?

సంతలో ఎద్దును కొనువాడు ముందుగా దాని నోరు తెరచి పండ్లు చూచును. తరువాత నాలుగడుగులు నడిపించి చూచును. కాడి మోపి చూచును. ఆ పిమ్మటనే వెల మాట్లాడును. ఎదుట నున్న వస్తువునకు వెల కట్టుట అంత కష్టమైన పని కాదు. కాని రాత్రికి రాత్రి దొడ్డిలోనుండి పోయిన ఎద్దునకు వెల కట్టుమన్నచో ఏమి చేయవలెను? పోగొట్టుకొన్నవాడు, అట్టి ఎద్దు ఈ ఫిర్కాలోనే లేదనును. సొమ్ము చెల్లింపవలసినవాడు, అది ముసలిదై కుంటుచుండెననును. ఎవరి మాట నిజమో తేల్చుటకు ఎదుట ఎద్దు లేదు. నేటి ప్రసంగము ఎద్దును గురించి కాదు, కారును గురించి. అయినను చిక్కు మాత్రము అదియే.

నెల్లూరు తీరమున, స్వర్ణముఖికి చేరువన నున్న కోట మా అక్కగారి మెట్టినయూరు. మా బావగారికి కొంత వరిమాగాణి, రెండు రొయ్యల గుంటలు కలవు. రొయ్యల సాగు సంగతి ఆ తీరవాసులకు నేను చెప్పనక్కరలేదు. ఒక పంట ఇల్లు కట్టించును. మరియొక పంట ఆ యింటినే తాకట్టు పెట్టించును. మంచి పంట చేతికి వచ్చిన యొక యేట బావగారు కారు కొనిరి. ఆ కారు విలాసమునకు కొన్నది కాదు. గుంటలకు కావలసిన సరకు తెచ్చుటకు, పిల్లను విద్యానగరములోని కాలేజీకి దింపుటకు, అక్కయ్యను నెల్లూరు ఆసుపత్రికి తీసికొనిపోవుటకు ఆ యింటికి అది కాలు వంటిది.

గూడూరులో ఒక పెండ్లికి పోయి, కల్యాణ మండపము వెలుపల ఆ కారును నిలిపి, తాళము వేసి లోపలికి పోయిరి. తెల్లవారుజామున ముహూర్తము ముగిసిన పిమ్మట బయటికి వచ్చి చూడగా కారు లేదు. తాళపుచెవులు రెండును ఇంటివారియొద్దనే యున్నవి. ఆ ఉదయముననే పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాయించి, దాని నకలు తీసికొనిరి. బీమా కంపెనీకి ఆనాడే టెలిఫోనులో చెప్పి, మరునాడు ఉత్తరము వ్రాసిరి. తరువాత నెలలు గడచినవి. కారు జాడ తెలియలేదని పోలీసువారు తుది నివేదిక నిచ్చిరి. కంపెనీవారు అడిగిన కాగితములన్నియు, రెండు తాళపుచెవులతో సహా, బావగారు అందజేసిరి.

అప్పుడు కంపెనీనుండి ఉత్తరము వచ్చెను. అట్టి కార్లు పాత బండ్ల బజారులో నేడు అమ్ముడుపోవు ధరను విచారించితిమనియు, కారు తిరిగిన దూరమును, వాడుకను లెక్కలోనికి తీసికొంటిమనియు, అందుచేత 4,10,000 రూపాయలు ఇవ్వగలమనియు అందు వ్రాసియుండెను. దానితోపాటు ఒక రసీదు కాగితము వచ్చెను. పూర్తి పరిష్కారముగా ఈ సొమ్మును అంగీకరించుచున్నాననియు, ఇక నేమియు అడుగననియు దాని సారాంశము. సంతకము చేసి పంపినచో వారములోపల సొమ్ము వచ్చునని ఫోనులో గూడ చెప్పిరి.

ఆ నెలలోనే తెల్లమచ్చ తెగులు సోకి ఒక గుంట పూర్తిగా పోయెను. మేత బాకీవాడు వాకిట కూర్చుండెను. ఒక చేత కలము పట్టుకొని బావగారు నాకు ఫోను చేసిరి. “ఏమబ్బయ్యా, ఆ కారుకు మొన్న సంక్రాంతికి మావాడొకడు ఏడు లక్షలు ఇస్తానన్నాడు. వీళ్లు నాలుగు లక్షల పదివేలంటున్నారు. ఇది అన్యాయం గదా? కానీ చేతిలో పైసా లేదు. సంతకం పెట్టేయనా?” అని అడిగిరి. వెంటనే అక్కయ్య ఫోను తీసికొని, “తమ్ముడా, నువ్వొచ్చి కాగితాలు చూసేదాకా ఆయన చేత సంతకం పెట్టనియ్యను” అనెను.

నేను కోటకు పోయి, వసారాలో బల్లమీద కూర్చుండి ఆ పాలసీని మొదటినుండి చివరివరకు చదివితిని. అది కొన్నది మొదలు ఆ యింటిలో దానిని చదివినవారు లేరు. ఇది మా బావగారి యొక్కరి లోపము కాదు. బండి కొన్ననాడు ఇచ్చిన కాగితములను ప్లాస్టికు సంచిలో పెట్టి, పోలీసులు ఆపినప్పుడు చూపుటకు మాత్రమే ఉంచుకొనువారే మనలో ఎక్కువ.

ఇచట కొంచెము పూర్వచరిత్ర చెప్పవలసియున్నది. మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టము, బండివలన ఇతరులకు కలుగు హానికి బీమాను తప్పనిసరి చేసెను. ఆ నిబంధన 1946 జూలై 1 నుండి అమలునకు వచ్చెను. 1988 నాటి చట్టము ఆ చట్టము స్థానమున వచ్చి, అదే విధిని కొనసాగించినది. ఈ విధి దారిన పోవువారి రక్షణకొరకు ఏర్పడినది. మన కారు దొంగల పాలైనచో మనకు సొమ్ము వచ్చుటకు వేరుగా స్వంత నష్టపు బీమా చేయవలెను. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిన నాటినుండియు తెలుగువారికి బీమా వ్యాపారము ఎరుకయే. సాధారణ బీమా కంపెనీలు 1973లో జాతీయమై, నూరింటికి పైబడిన సంస్థలు నాలుగు కంపెనీల క్రిందికి వచ్చినవి. 2000 నుండి ప్రైవేటు కంపెనీలును తిరిగి ఈ రంగమున ప్రవేశించినవి.

కారు విలువను గురించిన తగవు మాత్రము ఆ కాలమంతయు తెగలేదు. పూర్వపు పాలసీలలో యజమాని తన బండికి ఒక అంచనా విలువ వ్రాయించి, దానిమీద ప్రీమియము కట్టెడివాడు. బండి పోయిననాడు కంపెనీ ఆనాటి బజారు ధరను విచారించి, అంచనా విలువకును బజారు ధరకును ఏది తక్కువయో అది ఇచ్చెడిది. ప్రీమియము హెచ్చు విలువమీద, చెల్లింపు తక్కువ విలువమీద! ఇక బజారు ధర యెంత యని అడిగినచో, ఎదుట లేని ఎద్దు సంగతియే. ప్రమాదములో దెబ్బతిన్న కారైనచో సర్వేయరు వచ్చి కంటితో చూచును. దొంగిలింపబడిన కారును ఎవరు చూడగలరు? దాని టైర్లు అరిగినవో, ఇంజను చక్కగా నుండెనో చెప్పుటకు దొంగ తప్ప సాక్షి లేడు.

ఈ చిక్కును తీర్చుటకే 2002 జూలై 1 నుండి అమలైన భారత మోటారు టారిఫ్‌లో ఒక పద్ధతి వచ్చినది. దానిని ఇన్స్యూర్డ్స్ డిక్లేర్డ్ వాల్యూ అందురు, ముక్తసరిగా ఐ.డి.వి. మనము ప్రకటిత విలువ యనుకొందము. పాలసీ మొదలైననాడు, లేక తిరిగి కట్టిననాడు, అదే రకపు కొత్త బండికి తయారీదారు ప్రకటించియున్న అమ్మకపు ధరను తీసికొని, బండి వయస్సును బట్టి తరుగుదలను తీసివేయుదురు. ఆరు నెలలు దాటని బండికి నూటికి 5, ఏడాదిలోపు దానికి 15, రెండేండ్లలోపు దానికి 20, మూడేండ్లలోపు దానికి 30, నాలుగేండ్లలోపు దానికి 40, అయిదేండ్లలోపు దానికి 50 వంతుల తరుగుదల. అయిదేండ్లు దాటిన బండికిని, తయారీ నిలిచిపోయిన రకములకును కంపెనీయు యజమానియు మాట్లాడుకొని విలువ నిర్ణయించుకొనవలెను.

ఇందు మిక్కిలి ముఖ్యమైన వాక్యమొకటి కలదు. కారు పూర్తిగా నష్టమైనప్పుడు, పాలసీ నడచు కాలమంతయు ఈ ప్రకటిత విలువనే బజారు విలువగా ఎంచవలెననియు, దానిపై మరల తరుగుదల తీయరాదనియు ఆ వాక్యము చెప్పుచున్నది. అనగా కారు పోయిన తరువాత బజారులో విచారించు పనియే లేదు. విచారించవలసినది ముందే విచారించి, ఇరువురును ఒప్పుకొని, అంకెవేసి కాగితముమీద పెట్టిరి. ఈ వాక్యము బావగారి పాలసీలో, మూడవ పుటలో, చిన్న అక్షరములలో నుండెను.

ఆ కాగితముననే ప్రకటిత విలువ 5,20,000 రూపాయలని వ్రాసియుండెను. కంపెనీ ఇచ్చెదనన్నది 4,10,000. తేడా 1,10,000. నేను ఆ అంకెను వ్రేలితో చూపగా బావగారి ముఖము వికసించెను. మరుక్షణమే, “మరి ఏడు లక్షల మాటేమి?” అని అడిగిరి.

అప్పుడు నేను చెప్పిన మాట ఆయనకు రుచింపలేదు. ఏ వాక్యము కంపెనీ నోరు కట్టుచున్నదో ఆ వాక్యమే మన నోరును కట్టును. సంక్రాంతికి ఎవరో ఏడు లక్షలిత్తునన్న మాట బజారు మాటయే. బజారును కంపెనీ తేరాదన్నచో మనమును తేరాదు. 5,20,000కు మించి ఒక్క రూపాయి అడిగినను, కంపెనీ తప్పునకు మన తప్పు తోడగును. మన దావా బలమంతయు ఆ అంకెకు కట్టుబడి యుండుటలోనే యున్నది.

కష్టమైన సంగతి ఇంకొకటి బయటపడెను. పాలసీ తిరిగి కట్టిననాటికి కారునకు మూడేండ్లు నిండలేదు. ఆనాటి కొత్త బండి ప్రకటిత ధర 8,00,000. నూటికి 30 తీసివేసినచో 5,60,000 రావలెను. మరి 5,20,000 ఎట్లు వచ్చెను? అక్కయ్యకు జ్ఞాపకము వచ్చెను. గడువు ముగియు చివరిరోజున ఏజెంటు ఫోను చేసి, విలువ కొంచెము తగ్గించినచో ప్రీమియము ఏడువందలు తగ్గునని చెప్పెను. 2007 నుండి స్వంత నష్టపు ప్రీమియము రేట్లు కంపెనీల ఇష్టమునకు విడువబడినవి. పోటీలో చవుకగా చూపుటకు విలువను కొంత తగ్గించి వ్రాయుట పరిపాటియైనది. గుంటలకు మేత కొనవలసిన రోజులు గనుక బావగారు సరేననిరి. ఏడువందల రూపాయలు మిగిలినవి, నలుబదివేలు పోయినవి. ఈ నష్టమునకు కంపెనీని అనుటకు వీలు లేదు. ఆ రాత్రి ఆ యింట నెవరును దానిని గురించి మరల మాట్లాడలేదు.

మరునాడు ఉత్తరము వ్రాసితిమి. అందు దుఃఖమును గాని కోపమును గాని పెట్టలేదు. పాలసీ సంఖ్య, ప్రకటిత విలువ, తరుగుదల మరల తీయరాదన్న నిబంధన, మాకు రావలసిన సొమ్ము, ఈ నాలుగు మాత్రమే వ్రాసితిమి. పాలసీ ప్రకారము మేము భరింపవలసిన తప్పనిసరి మినహాయింపు వేయి రూపాయలను మేమే తీసివేసి, 5,19,000 అడిగితిమి. మీరు చెప్పిన బజారు ధర ఏ నిబంధన ననుసరించి లెక్కించితిరో తెలుపుడని అడిగి, సర్వేయరు నివేదిక నకలు కోరితిమి. రసీదు కాగితమును సంతకము లేకుండనే త్రిప్పి పంపితిమి.

ఇట్టి తగవులలో మన సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది తెలిసికొనుట మంచిది. 2008లో ఓరియంటల్ ఇన్సూరెన్సు కంపెనీ కక్షిగా నున్న ఒక వ్యాజ్యము సుప్రీంకోర్టు ముందునకు వచ్చెను. అది దొంగతనము కాదు, ప్రమాదము. 3,54,000 రూపాయలకు బీమా చేసిన బండి కొన్ని నెలలకే నాశనము కాగా, కంపెనీ చాల తక్కువ విలువ చూపెను. విలువ నొప్పుకొని ప్రీమియము పుచ్చుకొన్న కంపెనీ, ఇవ్వవలసిన రోజున ఆ విలువనే కాదనుట చట్టరీత్యా చెల్లదనియు, నీతికిని తగదనియు కోర్టు కఠినముగా పలికెను. 2009లో, న్యూ ఇండియా అస్యూరెన్సు వ్యాజ్యమున, సర్వేయరు నివేదిక ముఖ్యమైనదే గాని అదియే తుదిమాట కాదని చెప్పెను. 1999లో, యునైటెడ్ ఇండియా కంపెనీకిని అజ్మీర్ సింగ్ కాటన్ మిల్లులకును నడిచిన వ్యాజ్యమున, పూర్తి పరిష్కారపు రసీదుపై సంతకము చేసినంత మాత్రమున హక్కు పోదనియు, మోసముచేతనో ఒత్తిడిచేతనో ఆ సంతకము తీసికొన్నారని నిరూపించినచో వినియోగదారుడు మరల అడుగవచ్చుననియు తీర్పు చెప్పెను. కాని శ్రోతలు గమనింపవలెను. ఒత్తిడిని నిరూపించుట సులభము కాదు. సంతకము చేసి తరువాత పోరాడుటకంటె చేయకుండ పోరాడుట మేలు.

మరియొక సంగతి. విలువను గురించిన తగవు వేరు, అసలు ఇవ్వవలెనా వద్దా యను తగవు వేరు. తాళపుచెవి బండిలోనే విడిచినను, సొంతబండిని బాడుగకు త్రిప్పినను కంపెనీ బాధ్యతనే కాదనవచ్చును. అట్టి నిబంధన తప్పిన దావాలు కొన్నింటిలో కోర్టులు నాలుగింట మూడు వంతులు ఇప్పించినవి. కంపెనీకి ఆలస్యముగా తెలిపితిరన్న ఆక్షేపణయు తరచుగా వచ్చును. 2020 జనవరిలో, దొంగిలింపబడిన ఒక ట్రాక్టరు విషయమున, పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసియున్నచో కంపెనీకి తెలుపుటలో ఆలస్యము మాత్రమే కారణముగా దావాను త్రోసివేయరాదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తేల్చినది. అయినను ఆనాడే తెలుపుట ఉత్తమము. మా బావగారు ఆ పని చేసియుండుటచేతనే తగవు విలువ దగ్గరకు కుదించుకొనివచ్చెను.

మా ఉత్తరమునకు కంపెనీ మొదట పలుకలేదు. వారి ఫిర్యాదుల అధికారికి వ్రాయగా, పరిశీలించితిమనియు, ఇచ్చెదమన్న సొమ్ములో మార్పు లేదనియు రెండు పంక్తుల జవాబు వచ్చెను. ఆ జవాబును మేము భద్రపరచితిమి. ఏలయనగా తరువాతి మెట్టునకు అదియే తాళపుచెవి. కంపెనీకి ముందుగా ఫిర్యాదు చేసి, కాదనిపించుకొని గాని, నెలరోజులు జవాబు రాకుండగా గాని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ వద్దకు పోరాదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపల పోవలెను. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల వారికి ఆ కార్యాలయము హైదరాబాదులో నున్నది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అచటి తీర్పును కంపెనీ పాటింపవలసినదే. మనకు తృప్తి లేనిచో జిల్లా వినియోగదారుల కమిషనునకు పోవచ్చును. 2019 నాటి చట్టము ప్రకారము మనము నివసించు చోటనే అచట దావా వేయవచ్చును, గడువు రెండేండ్లు. ఒకే తగవును ఒకే కాలమున రెండు చోట్ల నడుపరాదు.

ఈ నెలలలో బావగారు రెండుమార్లు మెత్తబడిరి. మేత బాకీకి నూటికి రెండు వడ్డీ నడచుచుండెను. “వచ్చిందే చాలు” అని ఆయన అనుట తప్పు కాదు. ఆలస్యము కంపెనీకి ఖర్చు కాదు, ఇంటివారికి ఖర్చు. చాలమంది సంతకము చేయునది న్యాయము తెలియక కాదు, నెల గడువక. అక్కయ్య తన గాజులు కుదువబెట్టి బాకీలో సగము తీర్చి, కాగితముల సంచిని బీరువాలో పెట్టి తాళము వేసికొనెను.

విచారణ అరగంటలో ముగిసెను. కంపెనీ ప్రతినిధి బజారు ధరల పట్టిక చదివెను. అంబుడ్స్‌మన్ ఒకే ప్రశ్న వేసిరి: “పాలసీలో ప్రకటిత విలువ యెంత?” అతడు అంకె చెప్పెను. ఆ విలువమీదనే ప్రీమియము తీసికొంటిరా యని మరల అడుగగా, అవుననెను. తీర్పు 5,19,000 రూపాయలకు వచ్చెను. సొమ్ము వచ్చిననాడు అక్కయ్య గాజులు విడిపించుకొనెను. బావగారికి కొత్త కారు రాలేదు. ఒక పాతబండి వచ్చెను.

శ్రోతలలో కారు గాని, ట్రాక్టరు గాని, మోటారు సైకిలు గాని యున్నవారు నేడే ఆ ప్లాస్టికు సంచి తీసి, ప్రకటిత విలువ యెంతయో చూచుకొనవలెనని నా మనవి. ఆ అంకె మీ కారునకు తగినదిగా ఉన్నదా యని అడుగవలసిన రోజు పాలసీ తిరిగి కట్టు రోజే. అయిదేండ్లు దాటిన బండికి మరింత జాగ్రత్త కావలెను. అచట పట్టిక లేదు, మీ ఒప్పుదలయే పట్టిక. క్రొత్త బండికి కొన్న ధర పూర్తిగా రావలెనన్నచో దానికి వేరుగా అదనపు రక్షణ దొరకును. ముందే అడిగి తీసికొనవలెను.

మొన్న నేను కోటకు పోయినప్పుడు ఆ పాతబండికి పాలసీ తిరిగి కట్టు సమయమైనది. ఏజెంటు ఫోను చేసి, విలువ కొంచెము తగ్గించినచో ప్రీమియము తగ్గునని మరల చెప్పెను. బావగారు ఫోనును అక్కయ్య చేతికిచ్చిరి. “ప్రీమియం సంగతి తర్వాత చెబుదువుగానీ నాయనా, ముందు ఆ విలువ ఎట్లా లెక్క కట్టినావో చెప్పు” అని ఆమె కాగితము, కలము తీసికొని కూర్చుండెను.